భేరి నుంచి కర్ణభేరి దాకా: శబ్దప్రసరణ, శ్రవణ సిద్ధాంతాల చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

శబ్దం పుట్టినచోటి నుంచి చెవిదాకా ఎలా వస్తుంది, వచ్చిన శబ్దాన్ని చెవి ఎలా గ్రహిస్తుంది అనే రెండు ప్రశ్నలను భారతీయ దర్శనాలూ ఐరోపా విజ్ఞానశాస్త్రమూ వేర్వేరు అవసరాలతో చర్చించాయి. న్యాయవైశేషికుల వీచీతరంగ న్యాయాన్ని ఆధునిక తరంగ సిద్ధాంతానికి పూర్వరూపంగా చెప్పడం తెలుగులో తరచు కనిపించే పద్ధతి. ఆ పోలిక ఎంతవరకు నిలుస్తుందో, ఎక్కడ తెగుతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ప్రసరణను గురించి దూరం ఆలోచించిన రెండు సంప్రదాయాలూ చెవి దగ్గర ఒకే విధమైన ఊహతో చాలాకాలం ఆగిపోయాయని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: శబ్దజశబ్దం, వీచీతరంగ న్యాయం, కదంబగోళక న్యాయం, శ్రోత్రేంద్రియం, అనురణనం, కర్ణావర్తం

1. ఉపోద్ఘాతం

అన్నంభట్టు తన తర్కసంగ్రహానికి తానే రాసిన దీపికావ్యాఖ్యలో శబ్దాన్ని మూడు విధాలుగా విభజించాడు. కర్రతో భేరిని కొట్టినప్పుడు పుట్టేది సంయోగజం. వెదురును చీల్చినప్పుడు రెండు బద్దలూ విడిపోతూ చేసే చటచట ధ్వని విభాగజం. భేరి ఉన్నచోటి నుంచి వినేవాని చెవిదాకా ఒకదాని నుంచి ఒకటిగా పుట్టుకొచ్చే తక్కిన శబ్దాలన్నీ శబ్దజాలు. కృష్ణాతీరంలోని గరికపాడు అన్నంభట్టు స్వగ్రామమని సంప్రదాయం. 17వ శతాబ్దానికి చెందిన ఈ చిన్న గ్రంథంతోనే నేటికీ తర్కవిద్యార్థి చదువు మొదలవుతుంది.

ఈ విభాగంలో మూడవది ఆలోచింపజేసేది. దాని ప్రకారం వినేవాడు వింటున్నది భేరి దగ్గర పుట్టిన శబ్దాన్ని కాదు. అది పుట్టినచోటనే నశించింది. దాని సంతతిలో చిట్టచివరిది, తన చెవిలోనే పుట్టినది మాత్రమే అతనికి వినిపిస్తుంది. లోకానుభవానికి ఇంత దూరమైన మాటను తార్కికులు ఎందుకు అంగీకరించవలసి వచ్చింది? ఈ ప్రశ్న వేయకుండానే ఆధునిక బోధనలో ఈ భాగాన్ని రెండు విధాలుగా దాటిపోవడం జరుగుతోంది. మొదటిది, శబ్దం తరంగరూపంలో ప్రయాణిస్తుందని మన పూర్వులు ముందే కనిపెట్టారని గర్వించడం. రెండవది, శబ్దం ఆకాశగుణమన్న మాట తప్పు కాబట్టి తక్కినది చదవనక్కరలేదని తోసిపుచ్చడం. రెండింటిలోనూ గ్రంథం ఏ సమస్యకు సమాధానం చెబుతోందో మరుగున పడిపోతుంది. ఆ సమస్యను ముందు గుర్తించి, తరువాత ఐరోపాలోని చర్చను దాని పక్కన పెట్టి చూస్తే రెండింటి స్వరూపమూ స్పష్టమవుతుంది.

2. ప్రశ్న పుట్టిన చోటు

భారతీయ దర్శనాలలో శబ్దప్రసరణ చర్చ శబ్దనిత్యత్వ వివాదంలో భాగం. వేదం అపౌరుషేయమని, నిత్యమని మీమాంసకుల సిద్ధాంతం. వేదం వర్ణమయం కాబట్టి వర్ణాలు నిత్యం కావాలి. నిత్యమైన వర్ణం ఎల్లప్పుడూ వినిపించదేమని అడిగితే, అది ఎప్పుడూ ఉన్నా ఉచ్చారణవల్ల పుట్టే ధ్వని దాన్ని వ్యక్తపరచినప్పుడే వినిపిస్తుందని వారి సమాధానం. చీకటిలో ఉన్న కుండను దీపం పుట్టించదు, చూపిస్తుంది. ధ్వని కూడా అటువంటిదే. హెచ్చుతగ్గులు ధ్వనికి చెందుతాయి, వర్ణానికి చెందవు.

న్యాయవైశేషికులకు శబ్దం అనిత్యం. అది పుడుతుంది, నశిస్తుంది. ఈ మాట నిలబడాలంటే వారు మరో ఇబ్బందిని దాటాలి. ఇంద్రియం విషయంతో సన్నికర్షం పొందితేనే ప్రత్యక్షజ్ఞానం కలుగుతుందని వారి నియమం. కంటి విషయంలో తేజోరూపమైన కిరణాలు బయటికి వెళ్లి వస్తువును తాకుతాయని చెప్పుకున్నారు. చెవి అలా వెళ్లలేదు. శబ్దమైనా రాగలదా అంటే, వైశేషిక పదార్థ విభాగంలో శబ్దం గుణం. చలనం ద్రవ్యానికే ఉంటుంది, గుణానికి ఉండదు. తెల్లదనం బట్టను విడిచి నడచి రాలేనట్లే శబ్దమూ తన ఆశ్రయాన్ని విడిచి రాలేదు. చెవి పోలేదు, శబ్దం రాలేదు. అయినా వినికిడి జరుగుతోంది. ఈ చిక్కుముడికి ఒకటే విడుపు దొరికింది: ఒక శబ్దం తన పక్కన తనవంటి మరో శబ్దాన్ని పుట్టించి తాను నశిస్తుంది. రాక అనిపించేది నిజానికి ఉత్పత్తుల వరుస.

బౌద్ధులు ఈ నియమాన్నే తిరస్కరించారు. కన్ను, చెవి, మనస్సు విషయాన్ని తాకకుండానే గ్రహిస్తాయని అభిధర్మ సంప్రదాయం. శబ్దం చెవిని తాకినప్పుడే వినిపించేటట్లయితే అది దూరంగా ఉందన్న జ్ఞానం కలగకూడదని దిఙ్నాగుని ఆక్షేపం. జైనులు మూడవ దారి పట్టారు. శబ్దం పుద్గలపర్యాయం, అంటే భౌతికద్రవ్యపు ఒక అవస్థ అన్నారు. కన్ను తాకకుండా గ్రహిస్తుందని ఒప్పుకున్నా, చెవికి మాత్రం స్పర్శ తప్పనిసరి అన్నారు. ద్రవ్యమైతే కదలి రావడానికి అడ్డు లేదు. ఈ విధంగా శబ్దం గుణమా, ద్రవ్యమా, వ్యంజకమా అన్న తాత్త్విక నిర్ణయాన్ని బట్టే దాని ప్రయాణవర్ణన మారింది.

3. అల, కడిమిపువ్వు, గాలి

వరుసగా పుట్టే శబ్దాలకు దృష్టాంతంగా ప్రశస్తపాదుడు నీటి అలల పరంపరను చూపాడు. ఇదే తరువాతి కాలంలో వీచీతరంగ న్యాయంగా స్థిరపడింది. మరికొందరు కడిమిపువ్వును పోలికగా తెచ్చారు. కడిమిపువ్వు గుండ్రని బంతివలె ఉండి దాని కేసరాలు అన్ని వైపులకూ ఒకేసారి విచ్చుకుంటాయి. మొదటి శబ్దం నుంచి పది దిక్కులలో పది శబ్దాలు పుడతాయని, వాటి నుంచి మళ్లీ అలాగే పుడతాయని ఈ కదంబగోళక న్యాయం చెబుతుంది. విశ్వనాథ పంచాననుని పేర ప్రసిద్ధమైన భాషాపరిచ్ఛేదం రెండు పక్షాలనూ పేర్కొంది. వలయమంతటా వ్యాపించే ఒక్క శబ్దంతో సరిపోయేచోట పది శబ్దాలను కల్పించడం గౌరవదోషమని రెండవదాన్ని కొందరి మతంగా పక్కన పెట్టింది. అన్ని దిక్కులకూ వ్యాపించే ధ్వనికి గోళమే సరిపోయే ఆకారమని నేటి పాఠకునికి తోచవచ్చు. తార్కికులకు మాత్రం ఇక్కడ నిర్ణాయకం కల్పనాలాఘవం. ఏ పక్షమూ పరీక్షకు నిలవలేదు, పరీక్షను కోరలేదు.

మీమాంసకుల వర్ణనలో మరో వస్తువు ముందుకొచ్చింది. అది గాలి. శబరస్వామి భాష్యం ప్రకారం అభిఘాతంచేత ప్రేరితమైన వాయువులు నిశ్చలంగా ఉన్న వాయువును ఢీకొని అన్ని వైపులా సంయోగవిభాగాలను పుట్టిస్తాయి. వేగం ఉన్నంతవరకు అవి సాగుతాయి. శబ్దప్రసరణకు మాధ్యమం గాలి అని, వేగం క్రమంగా తరిగిపోవడంవల్ల ధ్వని దూరంలో సన్నగిల్లుతుందని ఇందులో స్పష్టంగా ఉంది. 7వ శతాబ్దంలో కుమారిలభట్టు శ్లోకవార్తికంలో శబ్దసంతానవాదాన్ని విస్తారంగా ఖండించాడు. మూర్తం కాని శబ్దానికి వేగం ఎలా కలుగుతుంది? సర్వవ్యాపి అయిన ఆకాశం గోడకు ఇవతలా ఉంది, అవతలా ఉంది. అలాంటప్పుడు గోడ శబ్దాన్ని ఎందుకు ఆపుతుంది? ఈ తీరు ప్రశ్నలకు ఆకాశవాదుల వద్ద సులభమైన జవాబు లేదు.

తరువాతి తార్కికులు శబ్దజశబ్దానికి పూర్వశబ్దాన్ని అసమవాయికారణంగా, అనుకూలవాతాన్ని నిమిత్తకారణంగా చెప్పారు. ఆకాశం సమవాయికారణంగా తన స్థానంలోనే ఉంది. అయినా గాలి లేనిదే పని జరగదన్న లోకానుభవం సిద్ధాంతంలోకి పక్కదారిన ప్రవేశించింది. ఈ చిన్న సవరణ చారిత్రకంగా విలువైనది. పరపక్ష విమర్శ తన సిద్ధాంతాన్ని ఎక్కడ గాయపరచిందో తార్కికునికి తెలుసునని ఇది చూపుతుంది.

ఈ పక్షాలలో ఏదీ ఒంటరిగా ఆధునిక భౌతికశాస్త్రంతో సరిపోలదు. ప్రయాణించేది వస్తువు కాదని, ప్రతి బిందువులోనూ పునరుత్పత్తి జరుగుతుందని న్యాయవైశేషికులు చెప్పారు. మాధ్యమం గాలి అని మీమాంసకులు చెప్పారు. శబ్దం భౌతికమని జైనులు చెప్పారు. ఈ మూడింటినీ కలిపి ఒకే ప్రాచీన ధ్వనిశాస్త్రంగా చూపడం, పరస్పరం ఖండించుకున్న వాదులను ఒకే గొంతుతో మాట్లాడించడమే అవుతుంది.

4. శబ్దజశబ్దం నుంచి కావ్యధ్వనికి

ఈ చర్చ ప్రయోగశాలకు దారితీయలేదన్నది నిజం. అంతమాత్రాన అది ఫలించలేదనడం సరికాదు. దాని ఫలం భాషాతత్త్వంలోనూ అలంకారశాస్త్రంలోనూ కనిపిస్తుంది. వాక్యపదీయంలో భర్తృహరి పేర్కొన్న మతాలలో ఒకదాని ప్రకారం, ఉచ్చారణావయవాల సంయోగవిభాగాలవల్ల మొదట పుట్టేది స్ఫోటం. దాని నుంచి పుట్టే శబ్దజశబ్దాలు ధ్వనులు. శబ్దప్రసరణ వాదంలోని సాంకేతిక విభాగమే ఇక్కడ వ్యాకరణతత్త్వానికి ఆధారమైంది.

9వ శతాబ్దంలో ఆనందవర్ధనుడు కావ్యాత్మకు ధ్వని అనే పేరును వైయాకరణుల నుంచి గ్రహించాడు. అభినవగుప్తుడు లోచనంలో ఆ పేరు తగినదని సమర్థిస్తూ సరిగ్గా ఈ ప్రక్రియనే వివరించాడు. శబ్దసంతతి క్రమంగా చెవిని చేరుతుంది. చివరివి వినిపిస్తాయి. అవి గంట మోగిన తరువాతి అనురణనం వంటివి. గంటను కొట్టిన దెబ్బ ఒకటి, ఆపై సాగే మోత మరొకటి. వాచ్యార్థం తెలిసిన తరువాత క్రమంగా స్ఫురించే వ్యంగ్యార్థానికి, అంటే సంలక్ష్యక్రమవ్యంగ్యానికి, అనురణనం ఉపమానం కావడం ఈ నేపథ్యంలోనే సార్థకమవుతుంది.

తెలుగులో ధ్వనిసిద్ధాంతాన్ని బోధించేటప్పుడు గంట ఉదాహరణను ఒక అందమైన పోలికగా చెప్పి ముగించడం పరిపాటి. నిజానికి అది ఒక భౌతిక సిద్ధాంతపు పరిభాష. మొదటి శబ్దం నశించినా దాని సంతతే శ్రోతకు అందుతుందన్న ఊహ లేకపోతే, వక్త పలికినదానికి ఆవల సహృదయునిలో పుట్టే అర్థాన్ని ధ్వని అని పిలవడానికి బలం తక్కువయ్యేది. వినేవాని చెవిలోనే శబ్దం పుడుతుందన్న తార్కికుని మాటకూ, సహృదయుని హృదయంలోనే వ్యంగ్యం స్ఫురిస్తుందన్న ఆలంకారికుని మాటకూ ఉన్న దగ్గరితనం యాదృచ్ఛికంగా కనిపించదు.

5. గంట, ఫిరంగి, గడియారం

నీటి అల పోలిక భారతదేశానికే పరిమితమైనది కాదు. గ్రీకు స్టోయిక్ తాత్త్వికులు కొలనులో రాయి పడినప్పటి వలయాలతో ధ్వనిని పోల్చారు. క్రీస్తుపూర్వం 1వ శతాబ్దపు రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్, నీటి వలయాలు అడ్డంగా మాత్రమే విస్తరిస్తాయని, కంఠధ్వని అడ్డంగానూ నిలువుగానూ విస్తరిస్తుందని రాశాడు. వీచీతరంగ, కదంబగోళక న్యాయాల భేదం ఆయనకు ఒక్క వాక్యంలోనే వచ్చింది. రంగస్థలంలో పై మెట్టుమీద కూర్చున్నవారికి నటుని మాట ఎలా వినిపించాలన్నది ఆయన ముందున్న పని. వేదనిత్యత్వం ఒకచోట, ప్రేక్షకుల మెట్లు మరొకచోట ఒకే దృష్టాంతాన్ని పుట్టించాయి.

రెండు దారులు విడిపోయినది 17వ శతాబ్దంలో. అన్నంభట్టు జీవించిన శతాబ్దం కూడా అదే. 1636లో మెర్సెన్, 1638లో గెలీలియో ప్రచురించిన గ్రంథాలు స్వరస్థాయిని తంత్రి కంపనాల సంఖ్యతో ముడిపెట్టాయి. మెర్సెన్, గస్సెండీ వంటివారు ఫిరంగి మెరుపు కనిపించడానికీ మోత వినిపించడానికీ మధ్య కాలాన్ని లెక్కించి ధ్వనివేగాన్ని కొలవడానికి పూనుకున్నారు. 1660లో రాబర్ట్ బాయిల్ గాజుపాత్రలో చిన్న గడియారాన్ని దారంతో వేలాడదీసి, పాత్రలోని గాలిని పంపుతో తీసివేసిన ప్రయోగాన్ని ప్రకటించాడు. గాలి తగ్గినకొద్దీ టిక్కుటిక్కు సన్నగిల్లి చివరికి వినిపించలేదు. వైశేషిక పరిభాషలో చెప్పాలంటే, పాత్రలో ఆకాశం ఉంది, గాలి లేదు, శబ్దమూ లేదు. శబరునికీ ఆకాశవాదులకూ మధ్య నడిచిన వివాదానికి సంబంధించిన పరీక్ష, ఆ వివాదం తెలియని మనిషి చేతిలో జరిగింది.

కొలత వచ్చాక కూడా దారి సాఫీగా సాగలేదు. 1687లో న్యూటన్ ప్రిన్సిపియాలో గాలి స్థితిస్థాపకత, సాంద్రతల నుంచి ధ్వనివేగాన్ని గణించాడు. ఇంగ్లండులోని అప్‌మినిస్టర్ చర్చి మతాధికారి విలియం డెర్హమ్ దూరాన పేలిన ఫిరంగుల మెరుపును దూరదర్శినితో చూస్తూ కొలిచి, 1708లో సెకనుకు 1142 అడుగులని ప్రకటించాడు. గాలి అనుకూలంగా వీస్తే శబ్దం త్వరగా, ఎదురైతే ఆలస్యంగా చేరుతుందని కూడా ఆయన గుర్తించాడు. తార్కికుల అనుకూలవాతం ఇక్కడ అంకెగా మారింది. 1713 నాటి ప్రిన్సిపియా రెండవ ముద్రణలో న్యూటన్ గణన 979 అడుగులే ఇచ్చింది. ఆ తేడాను పూడ్చడానికి ఆయన గాలి కణాల పరిమాణాన్ని, గాలిలోని ఆవిరిని సాకుగా చూపాడు. సిద్ధాంతాన్ని కాపాడుకోవడానికి కల్పనలు చేయడం తార్కికులకే పరిమితం కాదని ఈ ఉదాహరణ తెలుపుతుంది. కంపనంలో గాలి నొక్కుకుపోయినప్పుడు వేడెక్కుతుందని, ఆ వేడి బయటికి పోయే వ్యవధి ఉండదని 1816లో లాప్లాస్ చూపినప్పుడు గాని అంకెలు కలవలేదు.

ఈ కొలతల చరిత్రలో దక్షిణభారతానికీ చోటుంది. తెలుగు జిల్లాలు పాలనలో భాగంగా ఉన్న మదరాసు రాజధానిలో, అక్కడి నక్షత్రశాల ఖగోళవేత్త జాన్ గోల్డింగ్‌హామ్ సెయింట్ జార్జి కోటలోనూ పరంగిమలైలోనూ పేల్చే ఫిరంగుల ఆధారంగా ధ్వనివేగాన్ని కొలిచాడు. ఉష్ణోగ్రత, వాయుపీడనం, తేమల వివరాలతో నెలవారీగా కూర్చిన ఆ ఫలితాలు 1823లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. 1826లో కొలడాన్ జెనీవా సరస్సులో మునిగిన గంటను మోగించి, నీటిలో ధ్వనివేగం సెకనుకు 1435 మీటర్లని తేల్చాడు. గాలిలో అది 20 డిగ్రీల సెల్సియస్ వద్ద దాదాపు 343 మీటర్లు. ధ్వనికి గాలి ఒక్కటే మాధ్యమం కాదని, మాధ్యమం ఏదో ఒకటి తప్పదని దీనితో స్థిరపడింది.

6. చెవిలోని ఆకాశం, చెవిలోని గాలి

ప్రసరణ విషయంలో దారులు ఇంతగా విడిపోయినా, చెవి విషయంలో రెండు సంప్రదాయాలూ చాలాకాలం ఒకే మెట్టుమీద నిలిచాయి. కర్ణశష్కులి, అంటే చెవిగూడు, హద్దుగా గల ఆకాశమే శ్రోత్రేంద్రియమని వైశేషికమతం. శబ్దం ఆకాశగుణం, శ్రోత్రం ఆకాశమే. కాబట్టి అక్కడ పుట్టిన చివరి శబ్దానికి ఇంద్రియంతో సమవాయమే సన్నికర్షం. గ్రహించే సాధనమూ గ్రాహ్యానికి ఆశ్రయమూ ఒకటే ద్రవ్యం కావడంతో, వినికిడి అనే సమస్య అక్కడికి పరిష్కారమైనట్లే.

ఈ పరిష్కారానికి ఒక మూల్యం ఉంది. ఆకాశం నిత్యం, సర్వవ్యాపి. చెవి రంధ్రం ఉన్న ప్రతివానిలో అది ఉంది. మరి చెవిటితనం ఎందుకు వస్తుంది? వినేవాని ధర్మాధర్మాలు ఆ ఆకాశభాగాన్ని ఇంద్రియంగా పనిచేయిస్తాయని, ఆ సహకారం లోపిస్తే చెవిటితనం కలుగుతుందని ప్రశస్తపాదుని సమాధానం. సిద్ధాంతంలో శరీరానికి మిగిలిన పని హద్దుగీత గీయడమే. చెవిలోపల ఏమున్నదో చూడవలసిన అవసరాన్ని ఆ నిర్వచనం కలిగించలేదు.

ఐరోపాలో అరిస్టాటిల్ సరిగ్గా ఇటువంటి ఊహనే చేశాడు. బయటి గాలి కదలికను గ్రహించడానికి చెవిలోపల సహజంగా అమరిన నిశ్చలమైన గాలి ఉంటుందన్నాడు. శవపరీక్షలు ముమ్మరంగా జరిగిన 16వ శతాబ్దంలో వెసేలియస్ మధ్యచెవిలోని సుత్తి, దాగలి ఆకారపు ఎముకలను వర్ణించాడు. రికాబు ఆకారపు మూడవ ఎముకను ఇంగ్రాసియా గుర్తించాడు. నత్తగుల్లవలె చుట్టుకున్న లోపలి భాగానికి ఫాలోపియో నత్త పేరే పెట్టాడు. యూస్టేకి చెవినీ గొంతునూ కలిపే నాళాన్ని వర్ణించాడు. కత్తితో తెరచి చూసిన వీరి తరువాత కూడా లోపలి చెవిలో గాలి ఉందన్న నమ్మకం పోలేదు. 1760లో నేపుల్స్ వైద్యుడు కొటూన్యో లోపలి చెవి నిండా ద్రవమే ఉందని నిరూపించినప్పుడు ఆ నమ్మకానికి ఆధారం లేకుండా పోయింది. అరిస్టాటిల్‌కూ కొటూన్యోకూ మధ్య దాదాపు 2100 ఏళ్లు గడిచాయి.

సజాతీయమే సజాతీయాన్ని గ్రహిస్తుందన్న భావం రెండు చోట్లా చెవిని ఖాళీ గదిగా చూపింది. తార్కికులు శరీరాన్ని కోసి చూడలేదు కాబట్టి వెనుకబడ్డారన్న వివరణ ఇక్కడ చాలదు. కోసి చూసినవారు కూడా తాము ఎదురుచూసినదానినే చూశారు. పరిశీలన కన్న ముందు నిర్వచనం స్థిరపడితే ఏమవుతుందో చెప్పడానికి శ్రవణశాస్త్ర చరిత్ర మంచి సాక్ష్యం.

7. ద్రవంలో అల

లోపలి చెవిలో ద్రవం ఉందని తెలియగానే కొత్త చిక్కు వచ్చింది. గాలి కంపనాలు నీటి ఉపరితలాన్ని తాకితే వాటి శక్తిలో వెయ్యింట ఒక వంతు మాత్రమే లోపలికి పోతుంది, తక్కినది తిరిగివస్తుంది. మధ్యచెవిలోని మూడు ఎముకల ప్రయోజనం ఇక్కడ అర్థమైంది. కర్ణభేరి వైశాల్యం, రికాబు ఎముక అంటుకునే అండాకార కిటికీ వైశాల్యానికి దాదాపు 17 రెట్లు. పెద్ద పొరమీది బలం చిన్న కిటికీమీద కేంద్రీకృతమై, ఎముకల తులాదండ క్రియతో కలిసి, పీడనాన్ని 20 రెట్లకు పైగా పెంచుతుంది.

1851లో కోర్టీ కర్ణావర్తంలోని సూక్ష్మ నిర్మాణాన్ని సూక్ష్మదర్శినితో వర్ణించాడు. 1863లో హెల్మ్‌హోల్ట్జ్ స్వరసంవేదన గ్రంథంలో, కర్ణావర్తంలోని పొర వేర్వేరు శ్రుతులకు మేళవించిన తంత్రుల వరుస వంటిదని, ఏ స్వరానికి ఆ భాగం అనునాదం చేస్తుందని ప్రతిపాదించాడు. విశాఖపట్నంలో పాఠశాల విద్య గడిపిన చంద్రశేఖర వెంకటరామన్‌ను తీర్చిదిద్దిన మూడు గ్రంథాలలో ఇది ఒకటని ఆయనే చెప్పుకున్నాడు. రామన్ 1920లో సహపరిశోధకునితో కలిసి, ఆపై 1934లో విస్తృతంగా, మృదంగం, తబలా మీది నల్లని పూత వాటి మోతను తంత్రీనాదంవలె సంవాదిస్వరాలుగా మారుస్తుందని చూపాడు. తర్కసంగ్రహంలో వర్ణాత్మకం కాని ధ్వనికి ఉదాహరణగా నిలిచిన వాద్యజాతి, ఈ పరిశోధనలో శ్రుతిశుద్ధమైన నాదానికి ఉదాహరణ అయింది.

హెల్మ్‌హోల్ట్జ్ తంత్రులను ప్రయోగం సవరించింది. బుడాపెస్టులో టెలిఫోను పరిశోధనలో ఉన్న బేకేషీ మృతదేహాల చెవులలో కర్ణావర్తపు పొర కదలికను సూక్ష్మదర్శిని కింద చూసి, ఫలితాలను 1928 నుంచి ప్రచురించాడు. పొర వెంట ఒక అల ప్రయాణిస్తోంది. హెచ్చుస్థాయి స్వరాలకు మొదట్లోనూ, తగ్గుస్థాయి స్వరాలకు చివరి భాగంలోనూ ఆ అల శిఖరాన్ని చేరుతోంది. ఈ పరిశోధనకు 1961లో నోబెల్ బహుమతి లభించింది. భేరి నుంచి బయలుదేరిన అల చెవి దగ్గర ఆగిపోదు. సుమారు 35 మిల్లీమీటర్ల పొడవున చుట్టుకున్న నాళంలో మరో రూపంలో సాగి, దాదాపు 3500 అంతర రోమకణాల ద్వారా నాడీసంకేతంగా మారుతుంది. చెవిలో పుట్టిన శబ్దమే వినిపిస్తుందన్న తార్కికుని వాక్యానికి దీన్ని రుజువుగా చూపకూడదు. ఆయన చెప్పిన చెవిలో రోమకణానికీ ద్రవానికీ చోటు లేదు.

దిఙ్నాగుని ఆక్షేపానికి కూడా సమాధానం చెవి నిర్మాణం నుంచే వచ్చింది. 1907లో రేలీ శబ్దం వచ్చే దిక్కును రెండు చెవుల మధ్య తేడా తెలుపుతుందని వివరించాడు. పక్కనుంచి వచ్చిన శబ్దం ఒక చెవిని రెండవదానికన్న గరిష్ఠంగా సెకనులో వెయ్యింట ముప్పాతిక వంతుకు లోపు ముందు చేరుతుంది. హెచ్చుస్థాయి శబ్దం తల నీడవల్ల రెండవ చెవికి తగ్గి వినిపిస్తుంది. శబ్దం తాకినప్పుడే వినిపిస్తుంది, అయినా దిక్కు తెలుస్తుంది. శ్రోత్రాన్ని ఒకే ఇంద్రియంగా లెక్కించి సాగిన వాదంలో ఈ సమాధానానికి తావు దొరకడం కష్టం.

1978లో డేవిడ్ కెంప్ ఆరోగ్యవంతమైన చెవి అతిసూక్ష్మ శబ్దాలను వెలువరిస్తుందని నిరూపించాడు. బాహ్య రోమకణాలు సంకోచవ్యాకోచాలతో అలకు బలం చేకూరుస్తాయని తరువాతి పరిశోధన తేల్చింది. నవజాత శిశువు వినగలుగుతున్నదా లేదా అన్న పరీక్ష నేడు ఆసుపత్రులలో ఈ సూత్రం మీద కూడా జరుగుతోంది. ఒకప్పుడు అదృష్టలోపంగా వివరించిన చెవిటితనాన్ని శిశువు మాటలు నేర్వకముందే గుర్తించి, తగిన సహాయం అందించే వీలు కలిగింది.

8. ముగింపు

తెలుగు విజ్ఞానపరిభాష ఈ చరిత్రను తనలో దాచుకుంది. ధ్వనితరంగం అన్న మాటలో ధ్వని వైయాకరణులది, తరంగం తార్కికుల దృష్టాంతంలోనిది. రెండూ కలిసి పాఠ్యపుస్తకంలో ఇచ్చే అర్థం మాత్రం మెర్సెన్, న్యూటన్, లాప్లాసుల కొలతల నుంచి వచ్చింది. లాటిన్‌లో డోలు అన్న అర్థంగల పదంతో పిలిచిన చెవిపొర తెలుగులో కర్ణభేరి అయింది. దీపికలో భేరి శబ్దానికి పుట్టినచోటు. నేటి పరిభాషలో అది శబ్దం చేరే చోటుకు కూడా పేరు.

పదం ఒకటైనంత మాత్రాన భావం ఒకటి కాదన్న ఎరుక ఈ గ్రంథాల బోధనలో తప్పనిసరి. వీచీతరంగ న్యాయాన్ని ఆధునిక సిద్ధాంతంగా చెప్పే అధ్యాపకుడు విద్యార్థికి గర్వాన్ని ఇస్తాడు గాని, చలనం లేని గుణం చెవిని చేరడమెలా అన్న తార్కికుని అసలు సమస్యను అందకుండా చేస్తాడు. ఆ సమస్య తెలియని విద్యార్థికి శబరుని గాలి, కుమారిలుని గోడ, అనుకూలవాతపు సవరణ, లోచనంలోని అనురణనం విడివిడి వివరాలుగానే మిగిలిపోతాయి. గ్రంథాన్ని తోసిపుచ్చేవారు పోగొట్టుకునేది కూడా ఇదే. తర్కసంగ్రహ పాఠంలో శబ్దజశబ్దం వచ్చినచోట నిత్యత్వ వివాదాన్ని ముందు చెప్పి, దాని పక్కనే ధ్వన్యాలోకలోచనంలోని గంటను చదివిస్తే, తర్కానికీ అలంకారశాస్త్రానికీ మధ్య తెగిన సంబంధం తరగతిలోనే తిరిగి ఏర్పడుతుంది. ఆ తరువాత బాయిల్ గాజుపాత్రను, కొటూన్యో ద్రవాన్ని వివరించినప్పుడు, ఏ ప్రశ్నకు వాదం చాలిందో, ఏ ప్రశ్నకు ప్రయోగం అవసరమైందో విద్యార్థి తానుగా పోల్చుకోగలుగుతాడు.